బండికి కళ్లెం

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట వంటల గురించో, పిల్లల పెంపకం గురించో నాలుగు మాటలు చెబుతానని మీరు పని పక్కన పెట్టి కూర్చుంటే ముందుగానే మన్నించమని అడుగుతున్నాను. ఇవాళ నేను ముచ్చటించబోయేది బండి బ్రేకుల గురించి. "అదేమిటమ్మా, అది మగవాళ్లు చూసుకునే పని కదా, మెకానిక్కు పని కదా!" అని మీలో కొందరైనా అనుకుంటారు. నిన్న మొన్నటి వరకూ నేనూ అలాగే అనుకునేదాన్ని.

ప్రాణం మీదికి తెచ్చే వస్తువులను మనం ఇంట్లో ఎంత జాగ్రత్తగా చూసుకుంటామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కుక్కరు విజిలు రంధ్రంలో మెతుకు అడ్డుపడిందేమోనని వెలుతురుకు పట్టి చూస్తాం. గాస్కెట్టు వదులైతే మరునాడే కొత్తది తెప్పిస్తాం. గ్యాసు ట్యూబు మీద వేసిన తేదీ దాటితే మార్పిస్తాం. కాని రోజూ పొద్దున పిల్లవాణ్ణి ఎక్కించుకొని, ముందు బడిసంచీ పెట్టుకొని బయలుదేరే స్కూటరుకు బ్రేకు ఎలా ఉన్నదో ఎన్నడైనా చూశామా? పెట్రోలు ఉన్నదా లేదా అని చూస్తాం, అంతే. పెట్రోలు అయిపోతే బండి ఆగుతుంది. బ్రేకు అయిపోతే బండి ఆగదు. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో మీరే చెప్పండి.

నాకు ఈ బుద్ధి ఎలా వచ్చిందో చెబుతాను. మాది సిద్దిపేట. బతుకమ్మ పండుగ రోజులు. రైతు బజారులో కూరగాయలు కొనుక్కొని, స్కూటరు ముందు సంచీ పెట్టుకొని, వెనక మా మేనకోడలిని కూర్చోబెట్టుకొని వస్తున్నాను. సందు మలుపులో ఒక ముసలమ్మ తంగేడు పూల గంప నెత్తిన పెట్టుకొని అడ్డంగా వచ్చింది. బ్రేకు పట్టాను. హ్యాండిలుకు తగిలేదాకా వచ్చింది గాని బండి నిలవలేదు. గీకినట్టు పెద్ద చప్పుడు చేసుకుంటూ పోయి పోయి, ఆమెకు మూరెడు దూరంలో ఆగింది. గంప ఒరిగి పూలన్నీ రోడ్డు మీద పడ్డాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆమె మాత్రం నన్ను తిట్టలేదు. పూలు ఏరుకుంటూ నా మొహంలోకి చూసి, "ఏం బిడ్డా, బండికి కళ్లెం లేదా?" అని అడిగింది. అంతే. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

బండిని నడిపించుకుంటూనే మెకానిక్కు షాపుకు పోయాను. ఆ అబ్బాయి ముందు చక్రం దగ్గర కూర్చొని, టార్చి వేసి చూసి, "అక్కా, ఎన్ని దినాల సంది మోగుతున్నదిది?" అన్నాడు. నెల దాటిందన్నాను. "అది మోగుడు కాదక్కా, మొర పెట్టుకునుడు" అన్నాడు. ప్యాడ్లు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. మసాలా అంతా అరిగిపోయి రేకు తేలింది. ఆ రేకే ఇన్నాళ్లూ డిస్కును గీకుతున్నది. డిస్కు మీద గీతలు పడ్డాయి. వెనక చక్రం లైనర్లు కూడా అయిపోవచ్చాయి. సకాలంలో వస్తే కొన్ని వందల రూపాయల ప్యాడ్ల జతతో పోయేది, డిస్కు కూడా మార్చవలసి వచ్చింది. డబ్బు సంగతి అటుంచండి. ఆ మూరెడు దూరం లేకపోతే ఏమయ్యేది? ఆ ఆలోచన ఇప్పటికీ రాత్రిళ్లు వస్తుంది.

ఆ రోజు నుంచి ఈ బ్రేకుల సంగతి కనుక్కోవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నకొద్దీ ఇది మనకు అర్థం కాని విద్యేమీ కాదనిపించింది. మన పూజగదిలో గంధపు చెక్క, సానరాయి ఉంటాయి కదా! చెక్కను రాయి మీద అదిమి తిప్పితే చెక్క అరిగి గంధం వస్తుంది. బ్రేకు కూడా అంతే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు. అది మన సానరాయి. దాన్ని రెండు పక్కల నుంచి బిగించి పట్టుకునే ముక్కలు ప్యాడ్లు. అవి గంధపు చెక్కలు. పాత పద్ధతి డ్రమ్ము బ్రేకులో అయితే గుండ్రటి గిన్నె లోపల రెండు అర్ధచంద్రాల వంటి ముక్కలు విచ్చుకొని గిన్నె అంచును రాసుకుంటాయి. వాటినే లైనర్లు అంటారు. చాలా స్కూటర్లకు ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. కొన్నింటికి రెండూ డ్రమ్ములే. బ్రేకు పట్టిన ప్రతిసారీ గంధపు చెక్క కొంచెం అరుగుతుంది. అది అరగడం తప్పు కాదు, అరగడమే దాని పని. అరిగిపోయిన సంగతి మనం చూసుకోకపోవడమే తప్పు.

ఈ బ్రేకు లైనరు అన్నది మొదట ఒక గృహిణికే తోచిందంటే మీరు నమ్ముతారా? జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన మోటారు బండి తయారుచేశాడు. ఆ బండిని జనం నమ్మలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని ఆ బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని తన పుట్టింటికి బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్ల పైచిలుకు. మా సిద్దిపేట నుంచి హైదరాబాదు ఎంత దూరమో దాదాపు అంత! ఆ బండికి ఉన్నవి చెక్క బ్రేకులు. ఏటవాలు దారుల్లో అవి అరిగిపోయాయి. ఆమె కంగారు పడలేదు. దారిలో ఒక ఊళ్లో చెప్పులు కుట్టేవాణ్ణి పిలిచి, ఆ చెక్కల మీద తోలు ముక్కలు కొట్టించింది. బండి క్షేమంగా పుట్టిల్లు చేరింది. ఆ తోలు ముక్కే ఈనాటి ప్యాడ్లకూ లైనర్లకూ అమ్మమ్మ అన్నమాట. బ్రేకులు ఆడవాళ్లకు సంబంధించినవి కావని ఇకముందు ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

సరే, ఇక అసలు సంగతికి వద్దాం. బ్రేకు చెప్పాపెట్టకుండా పోయే సందర్భాలు తక్కువ. చాలాసార్లు ముందుగా కబురు పెడుతుంది. ఆ కబురు అందుకోవడానికి చెవి, చెయ్యి, ముక్కు, కన్ను చాలు.

మొదట చెవి. బ్రేకు పట్టినప్పుడు సన్నగా కీచుమని చప్పుడు వస్తే అది మొదటి కబురు. చాలా కార్ల ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఒకటి పెడతారు. ప్యాడు పలచబడగానే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. అంటే ప్యాడు తానే నోరు తెరిచి "నా పని అయిపోవచ్చింది" అని చెబుతుందన్నమాట. వాన పడిన మరునాడు పొద్దున ఒకటి రెండుసార్లు చప్పుడై ఆగిపోతే భయం లేదు, డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు అది. రోజూ వస్తుంటే మాత్రం షాపుకు పోవలసిందే. చప్పుడు కీచుమనడం నుంచి గరగరలోకి దిగితే రేకు తేలినట్టే. అప్పుడిక రేపటిదాకా ఆగకూడదు.

తరువాత చెయ్యి. స్కూటరు బ్రేకు పిడి ఒకటి రెండు సెంటీమీటర్లు వదులుగా వచ్చి, ఆ తర్వాత పట్టుకోవాలి. హ్యాండిలుకు ఆనేదాకా వస్తే డ్రమ్ము లైనరు అరిగిందనో, తీగ సాగిందనో గుర్తు. డిస్కు బ్రేకు పిడి పట్టుకుంటే స్పాంజిలాగా మెత్తగా ఉంటే బ్రేకు ఆయిల్లో గాలి చేరినట్టు. కారు అయితే ఈ పరీక్ష కాలితో చెయ్యాలి. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతున్నదా? బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగుతున్నదా? పెడలు కాలికింద వణుకుతున్నదా? వీటిలో ఏది ఉన్నా చూపించాలి. ఒక్క మాట. ఏ.బి.ఎస్. ఉన్న బండిలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం పెడలు గబగబా కొట్టుకుంటుంది. అది దాని స్వభావం. భయపడి కాలు తీయకూడదు, అలాగే తొక్కి పట్టాలి.

మూడోది ముక్కు. ఏటవాలు దిగినప్పుడో, ట్రాఫిక్కులో నడిపినప్పుడో చక్రం దగ్గర మాడు వాసన వస్తే బ్రేకు వేడెక్కిందని అర్థం. ఏమీ తొక్కకుండానే వాసన వస్తే ప్యాడు డిస్కును వదలకుండా పట్టుకొని ఉన్నదన్నమాట. అట్లాంటప్పుడు బండి ఆపి చల్లారనివ్వాలి. చక్రం మీద నీళ్లు చల్లకూడదు. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా!

నాలుగోది కన్ను. స్కూటరు ముందు చక్రం దగ్గర వంగి, టార్చి వేసి చూడండి. ప్యాడు మసాలా మధ్యలో సన్నని గాడి కనిపిస్తుంది. గాడి చెరిగిపోతే ప్యాడ్ల కాలం తీరిందన్నమాట. కొన్ని స్కూటర్ల వెనక డ్రమ్ము మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు ఆ బాణం ఎదురుగా ఉన్న గీత దగ్గరికి వస్తే లైనర్లు మార్చాలి. కారు ప్యాడ్లు కొత్తలో 10, 12 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. "ఇంకో వెయ్యి కిలోమీటర్లు వస్తయి మేడమ్" అని ఎవరైనా అంటే, ఆ వెయ్యి కిలోమీటర్లలో మన పిల్లల బడి ప్రయాణాలు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి.

ఇక కొత్త ప్యాడ్లు ఎంచుకోవడం. చీర కొనేటప్పుడు పోగు పట్టి చూస్తాం, పప్పు కొనేటప్పుడు గుప్పిట్లోకి తీసుకొని చూస్తాం. ప్యాడ్లు మాత్రం "ఏదో ఒకటి వెయ్యి బాబూ" అంటాం. అలా అనకండి. పాతవి విప్పకముందే కొత్త ప్యాకెట్టు మన చేతికి ఇవ్వమని అడగండి. సీలు ఉన్నదా, తయారు చేసిన కంపెనీ పేరు, నెల, సంవత్సరం, ధర, పార్టు నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరు మన బండి మోడలుకు సరిపోతుందా అని అడగండి. బండి కంపెనీ ఇచ్చేవైనా పరవాలేదు, పేరున్న బ్రేకు కంపెనీలవైనా పరవాలేదు. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవరులో వచ్చేవి మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన అచ్చువేసి ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఎంత పట్టు ఉంటుందో, రెండోది బాగా వేడెక్కినప్పుడు ఎంత పట్టు ఉంటుందో చెబుతుంది. 'ఇ' కంటే 'ఎఫ్', 'ఎఫ్' కంటే 'జి' ఎక్కువ పట్టు. రెండు అక్షరాలూ ఒకటే అయితే వేడిలోనూ పట్టు అదే తరగతిలో నిలుస్తుందని అర్థం. అలాగని పట్టు ఎక్కువ ఉన్నదే మంచిదనుకోకండి. కూరలో ఉప్పులాగా అది బండికి తగినంత ఉండాలి. బండితో వచ్చిన ప్యాడు మీద ఏ అక్షరాలు ఉన్నాయో అవే మళ్లీ తీసుకుంటే సరిపోతుంది.

ప్యాడ్లలో రకాలు కూడా ఉన్నాయి. నారలు, జిగురు కలిపి చేసేవి మెత్తగా ఉంటాయి, చప్పుడు తక్కువ, డిస్కును అంతగా తినవు, కాని త్వరగా అరుగుతాయి. ఇనుప రజను ఎక్కువ కలిపినవి వేడికి ఓర్చుకుంటాయి, బరువు బండ్లకు పనికివస్తాయి, కాస్త చప్పుడు చేస్తాయి. సిరామిక్ అనేవి ధర ఎక్కువ, దుమ్ము తక్కువ. ఊళ్లో బడికీ బజారుకీ తిరిగే బండికి కంపెనీ మొదట వేసిన రకమే చాలు.

అన్నింటికంటె ముఖ్యం, ప్యాకెట్టు మీద ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉండాలి. వెనకటి రోజుల్లో వేడికి ఓర్చుతుందని రాతినారను లైనర్లలో విరివిగా వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సరు వంటి జబ్బులు వస్తాయని తేలింది. యూరపు సంఘం దేశాల్లో 2005 నుంచి ఆస్‌బెస్టాస్ వాడకం నిషిద్ధం. పేరు లేని చవక లైనర్లలో ఏమి కలిపారో మనకు తెలియదు. అందుకని మెకానిక్కు గాలిపైపుతో డ్రమ్ములోని దుమ్ము ఊదుతుంటే చంటిపిల్లను ఎత్తుకొని పక్కన నిలబడకండి. ఊదవద్దు, తడిగుడ్డతో తుడవమని ఆ అబ్బాయికి కూడా చెప్పండి. అతడూ ఒక తల్లి బిడ్డే కదా!

ఒక చక్రానికి రెండు ప్యాడ్లూ ఒకేసారి మార్చాలి. కారుకైతే కుడి ఎడమ రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే, ఒక కాలికి చెప్పు వేసుకొని ఒక కాలు ఉత్తదిగా నడిచినట్టు బండి ఒక పక్కకు లాగుతుంది. మార్చిన తర్వాత పాత ముక్కలు చూపించమని అడగండి, బిల్లు తీసుకొని దాచండి. కారును షెడ్డు నుంచి కదిలించే ముందు పెడలు నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాకే బయలుదేరండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటిసారి పెడలు ఉత్తగా లోపలికి పోతుంది. ఆ సంగతి తెలియక షాపు ముందే గుద్దుకున్నవాళ్లు ఉన్నారు. స్కూటరు డిస్కు పిడి కూడా అలాగే నాలుగైదు సార్లు నొక్కాలి. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్ల దాకా నెమ్మదిగా నడపాలి. కొత్త ప్యాడ్లు డిస్కుతో పూర్తిగా కలవడానికి కొంత సమయం కావాలి.

బాగుచేయించుకున్న బ్రేకును పాడుచేసుకోకుండా ఉండడం మన చేతిలోనే ఉంది. నీళ్ల సర్వీసింగు చేయించాక కొన్ని చోట్ల బండి మెరవాలని డీజిలో, ఆయిలో పిచికారీ చేస్తారు. అది డిస్కు మీదా, ప్యాడ్ల మీదా పడిందంటే జారిపోవడమే. జిడ్డు చేతులతో గంధం తీయగలమా? "చక్రాల మీద కొట్టవద్దు" అని ముందే చెప్పండి. ఇంట్లో డిస్కు తుడిచేటప్పుడు కూడా కొబ్బరినూనె గుడ్డ, పాలిషు గుడ్డ వాడకండి. ఒకసారి నూనె పీల్చిన ప్యాడు మళ్లీ మునుపటిలా పట్టదు, మార్చవలసిందే.

డిస్కు బ్రేకులో శక్తిని మోసేది బ్రేకు ఆయిలు. స్కూటరు హ్యాండిలు మీద చిన్న గాజు బిళ్లలోంచి, కారులో బానెట్టు కింద తెల్లటి డబ్బాలోంచి దాని మట్టం కనిపిస్తుంది. మట్టం కింది గీతకు చేరితే ఊరికే పోయించి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగినా మట్టం తగ్గుతుంది, ఎక్కడైనా కారినా తగ్గుతుంది. ఏ కారణమో కనుక్కోవాలి. ఈ ఆయిలు మన ఉప్పు జాడీ వంటిది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. గుట్ట దిగేటప్పుడు బ్రేకులు అంత వేడెక్కడం కష్టమేమీ కాదు. ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. అందుకని ప్యాడ్లు బాగున్నా సరే రెండేళ్లకొకసారి ఆయిలు మార్చాలి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన మాట. మన ఆడవాళ్లలో చాలామంది ఎడమచేతి బ్రేకు ఒక్కటే పట్టి, అది చాలకపోతే రెండు కాళ్లూ కిందపెట్టి ఈడుస్తారు. చెప్పులు అరుగుతాయి గాని బండి ఆగదు! ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని మన భయం. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. బండి నిటారుగా ఉన్నప్పుడు రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టాలి. మలుపులోనూ, ఇసుక మీదా, రోడ్డు మీద ఆరబోసిన వడ్లూ మక్కల మీదా మాత్రం గభాలున పట్టకూడదు. ముందే వేగం తగ్గించుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సి.సి. లోపు కొత్త బండ్లకు రెండు చక్రాలకూ కలిపి బ్రేకు పడే ఏర్పాటు గాని ఏ.బి.ఎస్. గాని, అంతకు మించినవాటికి ఏ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. మంచిదే. కాని ఏ ఏర్పాటైనా అరిగిన ప్యాడుకు ప్రాణం పోయలేదు.

వేగం సంగతి కూడా వినండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో మంచి బ్రేకు పట్టిన తర్వాత బండి ఐదారు మీటర్లలో ఆగితే, 60లో అంతకు నాలుగింతలు, 20 మీటర్లకు పైనే పోతుంది. వేగం రెండింతలు, దూరం నాలుగింతలు! రాజీవ్ రహదారి మీద హైదరాబాదు వైపో, కరీంనగర్ వైపో పోయేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. బరువు పెరిగినా ఆగే దూరం పెరుగుతుంది. బియ్యం సంచీ, గ్యాసు సిలిండరు, ఇద్దరు పిల్లలు అన్నీ ఒకే స్కూటరు మీద తెచ్చుకోవడం పొదుపు కాదు. నాలుగేళ్ల లోపు పిల్లను ఎక్కించుకుంటే 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని నియమమే ఉంది.

వానలో నీళ్ల గుంట దాటాక బ్రేకు తడిసి పట్టు తగ్గుతుంది. వెనక ఎవరూ లేనప్పుడు ఒకటి రెండుసార్లు మెల్లగా బ్రేకు పట్టి ఆరబెట్టుకోండి. వేళ్లు ఎప్పుడూ బ్రేకు పిడి మీద అదిమి నడపకండి. వెనక ఎర్రలైటు వెలిగిపోతూనే ఉంటుంది, ప్యాడ్లు ఊరికే కరిగిపోతాయి. కారులో డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా, పిల్లల బంతి, మడత పడ్డ పట్టా లేకుండా చూడండి. బ్రేకు కింద సీసా దొర్లితే ఎంత మంచి ప్యాడు ఉండీ లాభం లేదు.

గుట్టలకు మొక్కులకు పోతుంటాం. దిగేటప్పుడు పెట్రోలు కలిసివస్తుందని ఇంజను ఆపడం, న్యూట్రలులో వదలడం చాలా ప్రమాదం. ఇంజను ఆగితే కారు బ్రేకు ఒకటి రెండు తొక్కుళ్లకే రాయిలాగా గట్టిపడుతుంది. చిన్న గేరులో దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డు మీద కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వారిలో ఆడవాళ్లు చాలామంది. బ్రేకులు పడలేదన్న మాటా, మోతాదు మించి ఎక్కించారన్న మాటా ఆనాడు పత్రికల్లో చదివాం. ఆ ఇళ్లలో పొద్దున పొయ్యి వెలిగించి బయలుదేరినవాళ్లు సాయంత్రం తిరిగి రాలేదు. అందుకే మన సొంత బండి ఒక్కటే చూసుకుంటే చాలదు. పిల్లలను తీసుకుపోయే ఆటో అన్నను, స్కూలు బస్సు వాళ్లను కూడా "బ్రేకులు ఎప్పుడు చూపించావు తమ్ముడూ?" అని అడగండి. అతడు చిన్నబుచ్చుకుంటాడని మొహమాటపడకండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే పని జరుగుతుంది. ఆటోలో పది మంది పిల్లలను కుక్కవద్దని కూడా అదే నోటితో చెప్పండి.

ఒకవేళ నడుస్తుండగా బ్రేకు పట్టకపోతే? కంగారులో తాళం తీయకండి, కారు స్టీరింగు బిగుసుకుపోతుంది. యాక్సిలరేటరు వదిలేయండి. పెడలును గబగబా తొక్కుతూ ఉండండి, కొన్నిసార్లు పట్టుకుంటుంది. ఒక్కొక్క గేరు తగ్గిస్తూ, చేతి బ్రేకును మెల్లమెల్లగా లాగుతూ, హారను కొడుతూ రోడ్డు అంచుకు తీసుకుపోవాలి. స్కూటరు అయితే రేసు పూర్తిగా వదిలి, రెండు పిడులూ పట్టి వదులుతూ ఎడమ పక్కకు పోవాలి.

ఇవన్నీ గుర్తుంచుకోవడం కష్టమనుకుంటే ఒక సులువు చెబుతాను. మా ఇంట్లో పాలలెక్క రాసే క్యాలెండరు మీదనే బండి లెక్క కూడా రాస్తున్నాను. ప్రతి నెలా మొదటి ఆదివారం, ఇల్లు కడిగే వేళకు పిడి పట్టి చూడడం, గాజు బిళ్లలో ఆయిలు చూడడం, టార్చి వేసి గాడి చూడడం. ఐదు నిమిషాలు పడుతుంది. ప్యాడ్లు మార్చిన తేదీ, మీటరు అంకె, ఆయిలు మార్చిన తేదీ ఆ పక్కనే ఉంటాయి. ఇంటి ఖర్చుల పద్దులో నూనె, పప్పులతో పాటు బ్రేకుల పద్దు ఒకటి పెట్టండి. పండుగకు ఒక చీర తగ్గించుకున్నా ఆ పద్దు మాత్రం తగ్గించకండి. మీ అమ్మాయి కాలేజీకి బండి అడిగితే, తాళం చెవి చేతికిచ్చే ముందు ఈ ఐదు నిమిషాల పని నేర్పండి.

ఈ ఏడు కూడా బతుకమ్మ రోజుల్లో ఆ ముసలమ్మ కనిపించింది. తంగేడు పూలు ఆమె దగ్గరే కొన్నాను. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. నేను మాత్రం బండిని ఆమెకు నాలుగు గజాల దూరంలోనే ఆపుకొని, దిగి నడిచి వెళ్లాను. అడిగితే చెబుదామనుకున్నాను, "అవ్వా, బండికి కళ్లెం వేయించినా" అని.

మీరూ రేపు పొద్దున బండి తీసే ముందు ఒక్కసారి ఆ పిడి పట్టి చూడండి. అది ఏమి చెబుతున్నదో వినండి.